హెవీ డంబెల్స్ లేకుండా ఇంట్లో బరువులు ఎత్తడం ఎలా

ఇంట్లో రెండు డంబెల్స్ పెట్టుకుని కసరత్తు మొదలుపెట్టిన చాలామందికి కొన్నాళ్ళకి ఒకే సమస్య వస్తుంది. భుజాలకి, చేతులకి ఆ ఐదు కేజీలు, ఏడున్నర కేజీలు ఇంకా సరిపోతుంటాయి, కాళ్ళకి, వీపుకి మాత్రం అవి ఉన్నట్టే తెలియదు. స్క్వాట్లు (గుంజీలు) ముప్పై కొడితే ఆయాసం వస్తుంది తప్ప తొడలు అలవవు. పోనీ పాతిక కేజీల జత కొందామంటే రేటు చూసి ఆగిపోతాం, కష్టపడి కొన్నా కొన్ని నెలల్లో అదీ తేలికైపోతుంది, మళ్ళీ ముప్పై కేజీల జత కావాలి, రెండు గదుల అద్దె పోర్షన్లో ఇవన్నీ ఎక్కడ పెడతాం?

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. హెవీ డంబెల్ చేసే పనులన్నీ ఒకే వస్తువుతో చేయించాలని వెతక్కండి, దొరకదు. ఏ వ్యాయామానికి ఏ వస్తువు పనికొస్తుందో విడివిడిగా చూసుకుంటే విజయవాడలోనో గుంటూరులోనో ఉన్న మామూలు ఇంట్లో, సందు చివర హార్డ్‌వేర్ కొట్లో, ఆటోనగర్‌లో దొరికే వాటితోనే చాలా దూరం వెళ్ళొచ్చు. షరతులు రెండే: ఎత్తే బరువు ఎంతో మీకు కచ్చితంగా తెలియాలి, దాన్ని కొంచెం కొంచెంగా పెంచుకునే వీలుండాలి.

మొదట కాగితం మీద రాసుకోండి

మీరు డంబెల్స్‌తో చేస్తున్న వ్యాయామాలన్నీ రాసి, ఒక్కోదాని పక్కన ఇప్పుడు ఎత్తుతున్న బరువు, ఎన్ని రెప్స్ (ఆపకుండా ఎన్నిసార్లు) వస్తున్నాయో వేయండి. ఇరవై ఐదు రెప్స్ దాటి సునాయాసంగా వస్తున్నవాటికి గుర్తు పెట్టండి. సాధారణంగా గుర్తు పడేవి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని పట్టుకుని నిలబడటం) రకాలు, రో (వంగి బరువుని నడుం పక్కకి లాగడం), కొన్నిసార్లు బెంచ్ ప్రెస్ (పడుకుని బరువుని ఛాతీ పైకి నెట్టడం). లాటరల్ రెయిజ్‌కీ (చేతులు పక్కలకి ఎత్తడం), కర్ల్‌కీ (మోచెయ్యి మడిచి ఎత్తడం) ఉన్న డంబెల్సే ఇంకా చాలాకాలం వస్తాయి, వాటి జోలికి వెళ్ళకండి. అంటే మీకు నిజంగా కావాల్సింది మూడు నాలుగు వ్యాయామాలకి బరువు మాత్రమే.

తక్కువ బరువైనా ఇక చేయలేను అనేదాకా చేస్తే కండ పెరుగుతుందన్నది నిజమే, ముప్పై రెప్స్ దాకా వెళ్ళినా పెరుగుతుంది. కానీ బలం పెరగాలంటే, అంటే ఒక్కసారిలో ఎక్కువ బరువు లేపగలగాలంటే, ఐదు నుంచి పది రెప్స్‌లో అలసిపోయేంత బరువు కావాల్సిందే.

ఇంట్లో ఉన్నవి తూకం వేయండి

వాటర్ క్యాన్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే మన ఊళ్ళలో అది చాలా ఇళ్ళలో ఉంటుంది. లీటరు నీళ్ళు కేజీ. ఇరవై లీటర్ల క్యాన్ నిండుగా ఉంటే ఇరవై కేజీలు, ఖాళీ క్యాన్ బరువు కేజీలోపే. దాన్ని ఛాతీకి ఆనించి రెండు చేతులతో వాటేసుకుని స్క్వాట్ చేస్తే గాబ్లెట్ స్క్వాట్ అయిపోయినట్టే. పిడి ఉన్న కూల్ క్యాన్ అయితే ఒక చేత్తో పట్టుకుని నడవొచ్చు, రో కూడా చేయొచ్చు. సగం నింపి మాత్రం వాడొద్దు, లోపల నీళ్ళు ఊగి మణికట్టునీ నడుమునీ ఒక పక్కకి లాగేస్తాయి. తలపైకి అసలే ఎత్తొద్దు, నొక్కితే బిగిసే ఆ మూత ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం.

బియ్యం బస్తా మీద పాతిక కేజీలని గుడ్డిగా లెక్క వేసుకోకండి. 2022 జూలై 18 నుంచి పాతిక కేజీలు, అంతకు తక్కువ ఉన్న లేబుల్ బియ్యం ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కేజీల బస్తాలు వేస్తున్నాయి. సంచి మీద చదవండి. కొత్త బస్తా తెచ్చిన రోజు దాన్ని భుజం మీద వేసుకుని స్క్వాట్లు చేసి చూడొచ్చు కానీ తినే బియ్యాన్ని రోజూ కిందా మీదా వేస్తే నూకలవుతాయి, ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, వాళ్ళు చెప్పేది న్యాయమే. ఖాళీ సంచిని దాచుకోండి, దాంతో పని ఉంది.

ఐదు లీటర్ల వంటనూనె క్యాన్ నా దృష్టిలో అన్నిటికంటే మంచి వస్తువు, దానికి పిడి ఉంటుంది. వేడినీళ్ళలో సర్ఫ్ వేసి రెండుసార్లు కడిగి, ఎండలో బోర్లించి, జల్లించిన పొడి ఇసుక నింపండి. పొడి ఇసుక లీటరుకి సుమారు కేజీన్నర పైన తూగుతుంది, కాబట్టి ఐదు లీటర్ల క్యాన్ ఎనిమిది కేజీల దగ్గరికి వస్తుంది. నీళ్ళు పోస్తే ఐదే. నాలుగు క్యాన్లు పోగేసి ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో సగం ఇసుక, మిగతా రెండిట్లో నిండా ఇసుక పోసి, మూతలు టేపుతో బిగించి, ఒక్కోదాని మీద బరువు మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

తూకానికి బాత్‌రూమ్ స్కేలు చాలు. ముందు మీరు ఒక్కరే ఎక్కండి, తర్వాత వస్తువు పట్టుకుని ఎక్కండి, తేడాయే బరువు. స్కేలు లేకపోతే కిరాణా కొట్టు కాటా మీద పెట్టించుకోండి, రద్దీ లేని మధ్యాహ్నం పూట అడిగితే ఎవరూ కాదనరు. గ్యాస్ సిలిండర్‌ని మాత్రం ముట్టుకోవద్దు. నిండుదైనా ఖాళీదైనా సరే, అది పడి వాల్వ్ దెబ్బతింటే ఇల్లే ప్రమాదంలో పడుతుంది.

ఇసుక సంచి తయారుచేయడం

కాళ్ళకి, నడుముకి హెవీ డంబెల్ బదులు నేను మొదట చెప్పేది ఇదే. ఇల్లు కడుతున్న చోట మేస్త్రిని అడిగితే రెండు మూడు బకెట్ల ఇసుక ఇస్తారు, లేదంటే ఇసుక, కంకర అమ్మే చోట చిన్న మొత్తంలో కొనొచ్చు. తెచ్చిన వెంటనే సంచిలో పోయకండి. సన్న జల్లెడతో జల్లించి రాళ్ళూ గవ్వలూ తీసేసి, మేడ మీద పట్టా పరిచి రెండు ఎండలు బాగా ఎండబెట్టండి. తడి ఇసుకకి వాసన వస్తుంది, ఆరేకొద్దీ బరువు మారిపోతుంది, మీరు రాసుకున్న లెక్కలన్నీ తప్పుతాయి.

ఎండాక చిన్న పొట్లాలు కట్టాలి. మందం పాలిథిన్ కవర్లు తీసుకుని ఒక్కోదానిలో కచ్చితంగా ఐదు కేజీలు పోయండి, ఒక రెండిట్లో మాత్రం రెండున్నర కేజీలే వేయండి. కవరు నిండా కుక్కకుండా పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి మెలిపెట్టి, బ్రౌన్ టేపు చుట్టి, దాని మీద ఇంకో కవరు తొడిగి మళ్ళీ టేపు వేయండి. ఖాళీ వదలకపోతే కింద పెట్టిన మొదటి రోజే పగులుతుంది. ఈ పొట్లాలన్నీ ఆ ఖాళీ బియ్యం సంచిలో పెట్టి, సంచిని జిప్పు ఉన్న గట్టి ప్రయాణాల బ్యాగులో పెట్టండి. ఐదు కేజీల పొట్లాలు ఆరు, రెండున్నరవి రెండు ఉంటే రెండున్నర నుంచి ముప్పై ఐదు కేజీల దాకా రెండున్నర చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. ఇంత సౌకర్యం ఉన్న డంబెల్ జత కొనాలంటే చాలా ఖర్చు.

గుంటూరు వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మిర్చి టిక్కీలు (బస్తాలు) కట్టిన పాత గోతాలు చవగ్గా దొరుకుతాయని వాటిని వాడకండి. ఎంత దులిపినా ఆ ఘాటు నారలో ఉండిపోతుంది, చెమట పట్టిన మెడకీ కళ్ళకీ తగిలితే గంటసేపు మంట వదలదు.

ఇసుక సంచి పట్టుకోవడం డంబెల్‌లా ఉండదు. సంచి మారుతూ ఉంటుంది, జారుతుంది, పొట్టనీ వీపునీ పని చేయిస్తుంది, అందుకని డంబెల్స్‌తో ముప్పై కేజీలు స్క్వాట్ చేసేవాళ్ళు సంచితో ఇరవై దగ్గర మొదలుపెట్టడం మంచిది. పండగలకి పల్లెల్లో రాతి గుండు ఎత్తేవాళ్ళని చూస్తే తెలుస్తుంది, ముందు గుండుకి దగ్గరగా కాళ్ళు పెట్టి, కూర్చుని, వాటేసుకుని, ఒళ్ళోకి లాక్కుని, అప్పుడు లేస్తారు. సంచినీ అలాగే ఎత్తండి. దూరంగా నిలబడి నడుం వంచి లాగితే నొప్పి గ్యారంటీ.

పైపుతో పిడి చేయించడం

ఇది కాస్త ఖర్చుతో కూడింది, కానీ మీ దగ్గర పాత ప్లేట్లు (మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి బరువులు) ఉంటే, లేదా కేజీ లెక్కన సెకండ్‌హ్యాండ్ ప్లేట్లు దొరికితే, దీని అంత ఉపయోగమైంది ఇంకోటి లేదు. రెండు డంబెల్స్ బదులు రెండు కాళ్ళ మధ్య ఒకే నిలువు కడ్డీకి ప్లేట్లన్నీ ఎక్కించి, పైన అడ్డంగా ఉన్న పిడిని రెండు చేతులతో పట్టుకుని ఎత్తుతారు.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరపడతారు. మన దగ్గర ఇళ్ళలో వాడే మామూలు ప్లేట్ల రంధ్రం ఎక్కువగా 28 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక ఇంచు జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు తెస్తే దాని బయటి వ్యాసం దాదాపు 34 మిల్లీమీటర్లు, ప్లేటు ఎక్కదు. ముప్పావు ఇంచు పైపు బయటి వ్యాసం 27 దగ్గర ఉంటుంది, అదే కావాలి. పైపు కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక ప్లేటు సంచిలో వేసుకుని వెళ్ళి అక్కడే ఎక్కించి చూసుకోండి.

వెల్డింగ్ వద్దనుకుంటే ప్లంబింగ్ సామాన్ల కొట్లో ముప్పావు ఇంచు టీ (T ఆకారపు జాయింట్) ఒకటి, దానికి రెండు పక్కలా పిడిలా బిగించడానికి చిన్న నిప్పల్స్ (రెండు చివర్లా మర ఉన్న పైపు ముక్కలు) రెండు, కిందకి అడుగు పొడవు నిప్పల్ ఒకటి, అడుగున ఫ్లాంజ్ (ప్లేట్లు జారిపోకుండా ఆపే గుండ్రటి ఇనుప బిళ్ళ) ఒకటి అడగండి. ముందు కడ్డీకి ప్లేట్లు ఎక్కించి, తర్వాత పైన టీ మర బిగిస్తే పని అయిపోతుంది. నెమ్మదిగా ఎత్తే డెడ్‌లిఫ్ట్‌కి ఇది చాలు, కానీ ఊపే స్వింగ్స్ చేయాలంటే మర వదులవ్వకుండా, ప్లేట్లు ఎక్కించడానికి విప్పే జాయింట్ ఒక్కటి వదిలి మిగతా జాయింట్ల దగ్గర టాక్ వెల్డింగ్ (చుక్కల్లా అక్కడక్కడ అంటించడం) వేయించి, ఆ ఒక్కదాన్ని ప్రతిసారీ గట్టిగా బిగించుకోవాల్సిందే. విజయవాడలో ఆటోనగర్‌కి తీసుకెళ్తే ఏ వెల్డింగ్ షాపులోనైనా నిమిషాల్లో అయిపోతుంది, గుంటూరు ఆటోనగర్‌లో కూడా అంతే. చేయించేటప్పుడే అడుగున ఫ్లాంజ్ బదులు ఎనిమిది ఇంచుల చదరం, ఆరు మిల్లీమీటర్ల మందం ఇనుప రేకు వేయించుకుంటే ఇంకా నిశ్చింత, అది ఒక్కటే రెండు కేజీల దాకా తూగుతుంది. అంచులు గ్రైండింగ్ చేయించడం మర్చిపోకండి, పాదం పక్కనే ఉంటుంది కదా.

ప్లేట్లు లేకపోతే ఆటోనగర్‌లోనే పాత ఇనుము అమ్మే కొట్లలో మధ్యలో రంధ్రం ఉన్న గేర్లు, పాత ఫ్లైవీళ్ళు కేజీ లెక్కన దొరుకుతాయి. కిరోసిన్‌తో గ్రీజు కడిగి, ప్రైమర్ కొట్టి, కాటా మీద తూకం వేయించి బరువు రాసుకోండి. రంధ్రం మరీ పెద్దదైతే కడ్డీ మీద ఊగుతుంది, అలాంటిది వద్దు. ప్లేట్లు కదలకుండా పట్టే క్లిప్పు పైన లేకుండా ఒక్క రెప్ కూడా చేయొద్దు.

బకెట్లో కాంక్రీటు పోసి గట్టిపరిచే పద్ధతి కూడా ఉంది, లీటరుకి 2.4 కేజీలు వస్తుంది కాబట్టి చిన్న బకెట్టే బాగా బరువవుతుంది. నేను దాన్ని సిఫార్సు చేయను. ఒకసారి గట్టిపడ్డాక బరువు పెంచలేం, తగ్గించలేం.

ఏ వ్యాయామానికి ఏది

బెంచ్ ప్రెస్ దగ్గర అసలు బరువే కొనక్కర్లేదు. మామూలు పుషప్‌లో శరీరం బరువులో సుమారు 64 శాతం చేతుల మీద పడుతుంది, కాళ్ళని రెండు అడుగుల ఎత్తు బల్ల మీద పెడితే 74 శాతం అవుతుంది. డెబ్భై కేజీల మనిషికి అది 52 కేజీలు. పైన స్కూలు బ్యాగులో పదిహేను కేజీల ఇసుక పొట్లాలు వేసుకుంటే అందులో ఎక్కువ భాగం చేతుల మీదే పడుతుంది, అంటే చెరో ముప్పై కేజీల డంబెల్ పట్టుకుని చేసే బెంచ్ ప్రెస్‌కి దగ్గరగా వచ్చేశారు. బ్యాగు భుజాల మధ్య, పైకి ఉండాలి, నడుం మీదకి జారితే వీపు వంగిపోతుంది. ఖాళీల్లో పాత తువ్వాళ్ళు కుక్కి, పట్టీలు బిగించండి. పట్టీల కుట్లు వారానికోసారి చూసుకోండి, పల్చబడితే చెప్పులు కుట్టే అతని దగ్గర డబుల్ కుట్టు వేయించండి.

స్క్వాట్‌కి ఇసుక సంచి లేదా వాటర్ క్యాన్ ఛాతీకి ఆనించుకుని చేయడం మొదటి మెట్టు. అది తేలికయ్యాక బరువు పెంచే ముందు వెనక పాదం కుర్చీ మీద పెట్టి ఒంటి కాలితో చేసే బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్‌కి మారండి. శరీరం బరువులో ఎక్కువ భాగం ముందు కాలి మీదకే వస్తుంది కాబట్టి చేతుల్లో రెండు ఇసుక నూనె క్యాన్లు చాలు, చెమటలు పట్టించేస్తుంది. కిందకి దిగేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగి, అడుగున ఒక క్షణం ఆగి లేవండి. ప్లాస్టిక్ కుర్చీ మీద పాదం పెట్టొద్దు, వెనక్కి జారుతుంది, గోడకి ఆనించిన చెక్క స్టూలో మంచమో వాడండి.

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కి (మోకాళ్ళు కొద్దిగా మడిచి, వీపు తిన్నగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం) పైపు పిడి అన్నిటికంటే బాగుంటుంది, అది లేకపోతే సంచి, అదీ లేకపోతే బ్యాగు చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద. రో చేసేటప్పుడు ఒక చెయ్యి మంచం మీద ఆనించి రెండో చేత్తో బ్యాగు పై పిడి పట్టి నడుం పక్కకి లాగండి, బ్యాగులో ఇరవై ఐదు కేజీల దాకా పెట్టొచ్చు, అయితే పిడి సన్నగా ఉండి వేళ్ళు కోస్తుంది, దానికి పాత గుడ్డ చుట్టుకోండి. టేబుల్ కింద పడుకుని అంచు పట్టుకుని పైకి లేచే రో చాలా చోట్ల చెప్తుంటారు, మన ఇళ్ళలో ఉండే తేలిక డైనింగ్ టేబుళ్ళతో అది వద్దు, తిరగబడితే ముఖం మీదే పడుతుంది.

భుజాలకి తలపైకి ఎత్తే ప్రెస్ మాత్రం జాగ్రత్తగా చేయాల్సింది. నూనె క్యాన్‌తో ఒక చేతి ప్రెస్ చేయొచ్చు, బరువు కిందకి వేలాడుతుంది కాబట్టి మణికట్టు తిన్నగా ఉంచుకోండి. అంతకంటే ఎక్కువ కావాలంటే నడుం పైకి లేపి చేసే పైక్ పుషప్‌కి వెళ్ళండి, ఏదీ తలమీద పడే భయం ఉండదు.

రెసిస్టెన్స్ బ్యాండ్లు కొనాలా అని అడిగితే, కొనండి, కానీ అన్నిటికీ అదే సరిపోతుందనుకోవద్దు. బ్యాండ్ సాగేకొద్దీ బరువు పెరుగుతుంది, మొదట్లో ఏమీ ఉండదు. వీపుకి, భుజం వెనక్కి, ట్రైసెప్స్‌కి (పై చేయి వెనక కండ) బాగుంటుంది. కిటికీ గ్రిల్‌కి కట్టొచ్చు, ముందు గ్రిల్ స్క్రూలు కదలడం లేదని లాగి చూడండి. మీరు నిలబడే చోట నేల మీద టేపు గీత పెట్టండి, ప్రతిసారీ అక్కడే నిలబడితేనే పోయిన వారంతో పోల్చుకోగలరు. వాడే ముందు చీలికలు చూసుకోవాలి, తెగితే తిన్నగా కంటికి తగులుతుంది. మేడ మీద ఎండలో వదిలేస్తే రబ్బరు త్వరగా పాడవుతుంది.

ఎక్కడ, ఎప్పుడు

మేడ మీద ఇంట్లో ఉన్నవాళ్ళకి శ్లాబు భయం ఉంటుంది. ఇళ్ళ శ్లాబుని చదరపు మీటరుకి రెండు వందల కేజీల వినియోగ బరువు (మనుషులు, సామాన్లు) లెక్కన డిజైన్ చేయడం మన దేశంలో ప్రమాణం, కాబట్టి ముప్పై నలభై కేజీల సంచి వల్ల ఏమీ కాదు. సమస్యంతా పడేయడంలోనే. టైల్స్ పగులుతాయి, కింద ఇంటివాళ్ళకి చప్పుడు. రెండు మడతల పాత బొంత, దాని మీద రబ్బరు మ్యాట్ వేసుకుని, ప్రతి రెప్ చివర బరువుని నెమ్మదిగా ఆనించండి.

మేలో మన దగ్గర ఎండ నలభై ఐదు డిగ్రీలు తాకుతుంది, సాయంత్రం ఆరింటికి కూడా డాబా కాలిపోతూనే ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉదయం ఏడింటి లోపు ముగించేయండి, సెట్ల (ఆపకుండా చేసే ఒక్కో విడత) మధ్య విశ్రాంతి పెంచండి. చేతులు చెమటకి జారుతుంటే ప్రతి సెట్‌కీ ముందు పొడి తువ్వాలుతో తుడుచుకోవాలి, జారే చేత్తో క్యాన్ పట్టుకోవద్దు. బీపీ, హెర్నియా, డిస్క్ నొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా బరువు జోలికి వెళ్ళొద్దు. ఎవరైనా సరే ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి ఉండిపోకుండా, లేస్తూ వదలండి.

పెంచడం

వారానికి మూడు రోజులు, ఒక్కో వ్యాయామానికి మూడు సెట్లు. ఎనిమిది రెప్స్ కష్టంగా వచ్చే బరువుతో మొదలుపెట్టి, ఇంకొకటి రెండు చేయగలను అనిపించిన దగ్గర ఆపండి. మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చిన రోజు రెండున్నర కేజీల పొట్లం ఒకటి కలపండి, రెప్స్ మళ్ళీ ఎనిమిదికో తొమ్మిదికో పడిపోతాయి, పడాలి కూడా. నోట్‌బుక్‌లో తారీఖు, బరువు, రెప్స్ రాయండి. వ్యాయామం మార్చినప్పుడు పాత లెక్కతో పోల్చకండి, సంచి స్క్వాట్ వేరు, పైపు డెడ్‌లిఫ్ట్ వేరు.

సంచిలో ముప్పై ఐదు కేజీలూ వేసి ఛాతీకి ఆనించుకుని పన్నెండు స్క్వాట్లు, ముప్పై కేజీలతో ఒంటికాలి స్ప్లిట్ స్క్వాట్ పది వస్తున్నాయంటే సంచిని ఇంకా పెద్దది చేయకండి, అంతకంటే పెద్ద సంచిని నేల మీద నుంచి ఛాతీ దాకా తెచ్చుకోవడానికే ఓపిక అయిపోతుంది, కాళ్ళకి మిగలదు. ఆ దశలో పైపు పిడికి పది కేజీల ప్లేట్లు ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ వెళ్ళండి, స్క్వాట్‌కి సంచి అలాగే ఉంచి దిగే సమయాన్ని మూడు నుంచి ఐదు లెక్కలకి పెంచండి.